హారతి పళ్లెం కింది కాగితం

అనంతరామయ్యకి ఏళ్ల తరబడి తీరని సందేహం ఒకటి ఉంది. సాయంత్రం తను హారతి పళ్లెం పట్టుకుని వరండాలోకి వచ్చేసరికి, పక్క క్వార్టర్ ఆర్థర్ కుర్చీలోంచి ఎందుకు లేచి నిలబడతాడు?

ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో పాత క్వార్టర్లు జంటగా ఉంటాయి. రెండిళ్లకీ ఒకటే వరండా, మధ్యలో నడుమెత్తు గోడ. ఇద్దరూ రైల్వేలోనే రిటైరయ్యారు. అనంతరామయ్య ఆఫీసులో టపా గుమాస్తాగా, ఆర్థర్ గూడ్సు గార్డుగా. ఇప్పుడు ఇటు క్వార్టర్ కొడుకు విఘ్నేశ్వర్ పేరున ఉంది, అటుది ఆర్థర్ కూతురి పేరున ఉంది. కాగితాల మీద పేర్లు మారాయిగానీ గోడకి అటూ ఇటూ మనుషులు మారలేదు.

ఆర్థర్ ఆదివారం మానకుండా తెలుగు క్రైస్తవ సంఘానికి వెళ్లే మనిషి. హారతి కళ్లకద్దుకోడు. అద్దుకోమని అనంతరామయ్య పళ్లెం ముందుకు చాచడు. అయినా వెలుగు గడప దాటగానే ఆయన లేస్తాడు, చేతిలో ఉన్న పేపరు మడుస్తాడు, వెలుగు మళ్లీ లోపలికి వెళ్లిపోయాక కూర్చుంటాడు. దేవుడి కోసం లేస్తున్నాడా? తన మీద గౌరవమా? లేకపోతే కర్పూరం పొగ పడక పక్కకి జరుగుతున్నాడా? అడిగితే తెలిసిపోతుంది. కానీ అడిగితే రేపటినించి లేవడం మానేస్తాడేమోనని అనంతరామయ్య భయం.

ఆ పళ్లెం అతని తల్లిది. ఇత్తడి పళ్లెం. పిడి ఎప్పుడో ఊడిపోయింది. కర్పూరం వెలిగితే అడుగు చురుక్కుమంటుందని కింద పాత క్యాలెండరు కాగితం నాలుగు మడతలు పెట్టి పట్టుకుంటాడు. హారతి వెలిగిందంటే ఇంట్లో ఉన్న ఏ ఒక్కరికీ అందకుండా ఆరిపోకూడదు, అది ఆవిడ పెట్టిన నియమం. జ్వరంతో పడుకున్నవాడి దగ్గరికైనా, స్నానాల గది తలుపు దగ్గరికైనా పళ్లెం వెళ్లాలి. ఫోన్లో మాట్లాడుతున్నవాళ్లు మాట ఆపక్కర్లేదు, ఒక చెయ్యి చాచి వెలుగు మీద తిప్పి కళ్లకద్దుకుంటే చాలు. ఆ ఇంట్లో చేతులు వాటంతటవే లేస్తాయి.

జులైలో అదే కొంప ముంచింది.

కోడలు సుచరిత ఈ ఊళ్లోనే పూరీ గేట్ దగ్గర పుట్టి పెరిగిన పిల్ల. ఇందా పేటలో ఒక ప్రైవేటు స్కూల్లో కామర్సు చెబుతుంది. ఉద్యోగం తాత్కాలికం. దసరా పూజల సెలవులిచ్చేలోగా ఎం.కాం. పాసైనట్టు కాగితం తెస్తే పోస్టు ఖాయం చేస్తానని, లేకపోతే వేరే మనిషిని చూసుకుంటానని ప్రిన్సిపాల్ చెప్పింది. పిల్ల అప్పటికే ఒక ఆన్‌లైన్ యూనివర్సిటీలో చేరి, స్కూలు, వంట అయ్యాక రాత్రుళ్లు చదివి, చివరి సెమిస్టరు దాకా లాక్కొచ్చింది. ఒకే ఒక్క పేపరు మిగిలింది.

ఆ రోజు పొద్దున్నే చెప్పింది. "మావయ్యగారూ, సాయంత్రం ఐదున్నర నించి ఏడున్నర దాకా నా గదిలోకి ఎవరూ రాకండి. కంప్యూటర్ మీది కెమెరా చూస్తూ ఉంటాది. మాట వినపడకూడదు."

"అలాగేనమ్మా" అన్నాడు. ఇంతకుముందు పరీక్షలన్నీ పొద్దుటి పూట జరిగాయి. ఇది సాయంత్రం పడింది.

దీపాల వేళ అయింది. అనంతరామయ్య హారతి వెలిగించాడు. భార్య రాజరాజేశ్వరి అద్దుకుంది. పళ్లెం పట్టుకుని కోడలి గది ముందు నిలబడ్డాడు. వానలకి ఉబ్బిన తలుపు, సరిగ్గా పడదు, సందు తెరుచుకునే ఉంది. చివరి పరీక్ష రోజునే పిల్లకి హారతి అందకుండా పోవాలా? మాట వినపడకూడదంది, తను మాట్లాడడు. కెమెరా పిల్ల ముఖాన్ని చూస్తుంది, తను పక్కనించి వెళ్తాడు. అలా అనుకుని మునివేళ్ల మీద నడిచి లోపలికి వెళ్లాడు.

సుచరిత తెర మీదనించి కళ్లు తిప్పలేదు. కుడి చెయ్యి దానంతటది లేచింది, వెలుగు మీద తిరిగింది, కళ్లకి తగిలింది. అడుగు కాలి అనంతరామయ్య కాగితం మడత సర్దుకున్నాడు. వచ్చినట్టే వెళ్లిపోయాడు. వరండాలో ఆర్థర్ లేచి నిలబడ్డాడు.

నెలాఖరుకి ఒక సాయంత్రం స్కూలు నించి వచ్చిన సుచరిత చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి ఫోను చూసుకుంటోంది. మొహంలో రక్తం లేదు.

"ఏటే? ఏటైంది?" అంది అత్తగారు.

"నన్ను తీసేశారత్తయ్యా."

"స్కూల్లోంచా?"

"యూనివర్సిటీలోంచి."

పేపరు రద్దు కాదు, మొత్తం చదువే రద్దు. ఎందుకని అడిగితే, "ఏదో కంప్యూటర్ తేడా అత్తయ్యా, రాస్తే సరి చేస్తారు" అని గదిలోకి వెళ్లిపోయింది. అన్నం తినడానికి బయటికి వచ్చి, తిన్నట్టు చేసి మళ్లీ వెళ్లింది.

విఘ్నేశ్వర్ గూడ్సు బండి తీసుకెళ్లి భద్రక్‌లో బండి సిబ్బంది పడుకునే రన్నింగ్ రూములో ఉన్నాడు. ఫోన్ చేశాడు. మంచినీళ్ల చెంబు ఇద్దామని వచ్చిన అనంతరామయ్యకి ఫోను స్పీకర్లో ఉండటంతో తలుపు సందులోంచి ఇద్దరి మాటలూ వినపడ్డాయి.

"వేరే మనిషి గదిలోకి వచ్చినాడు, వస్తువు చేతులు మారింది, కాగితం చూపించినాడు అని రాసినారు మెయిల్లో. ఇదేటి సుచీ? ఎవరొచ్చినారు?"

"ఎవరూ రాలేదండీ."

"మరి ఊరికే రాస్తారా?"

"ఎవరూ రాలేదని చెప్పినాను కదా! కర్టెన్ ఎగిరి ఉంటాది. అదే రాసేశాను వాళ్లకి. ఇంట్లో మీరెవరినీ ఏటీ అడక్కండి."

అనంతరామయ్య చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. ఆ వేరే మనిషెవరో అతనికి అర్థమైంది. పూజగదిలోకి వెళ్లి దీపం వెలిగించకుండా కూర్చున్నాడు. నా పిల్లకి వెలుగు అందాలని తీసుకెళ్లాను కదా స్వామీ, ఆ వెలుగే దాని బతుకు కాల్చాలా? అడిగాడుగానీ గట్టిగా అడగలేకపోయాడు. రావద్దని పొద్దున్నే పిల్ల చెప్పింది. వెళ్లింది తను. ఇందులో దేవుడి వంతు ఎంత, తన మొండితనం వంతు ఎంత?

మర్నాటినించి ఆ ఇంట్లో ఫోను మోత మొదలైంది. సుచరిత స్కూల్లో ఖాళీ పీరియడ్‌లో చేసేది, ఆటోలో చేసేది, గిన్నెలు తోముతూ చేసేది. అటునించి సంగీతం వినిపించేది. సంగీతం అయ్యాక మీ కాల్ మాకు ముఖ్యమైనదని ఒక ఆడగొంతు హిందీలో చెప్పేది. తర్వాత మళ్లీ సంగీతం. కంప్యూటర్‌లో రాస్తే ఒక నవ్వు మొహం బొమ్మ జవాబిచ్చేది. "మీ ఇబ్బంది అర్థమైంది" అనేది. మనిషితో మాట్లాడాలని రాస్తే, ఫిర్యాదుకి ఒక నంబరిచ్చి వెళ్లిపోయేది. మర్నాడు ఆ నంబరు మూసేసినట్టు కబురు. మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకి ఎన్ని నక్షత్రాలిస్తారు?

"నక్షత్రాలేటే? జాతకం అడుగుతున్నాడా వాడు?" అంది రాజరాజేశ్వరి. ఎవరూ నవ్వలేదు.

ఇలా దెబ్బతిన్న తనలాంటివాళ్లు చాలామంది ఉన్నారని సుచరితకి తెలిసింది. వాళ్లంతా వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. బరంపురంలో ఒకమ్మాయిని పరీక్ష మధ్యలో కరెంటు పోయిందని తీసేశారు. ఎక్కడో ఒక తల్లి ఏడుస్తున్న పిల్లాణ్ణి ఒళ్లోకి తీసుకుందని తీసేశారు. అందరిదీ ఒకటే మాట: తీసేసినట్టు చెప్పడానికి ఉన్న గొంతుకి, మన మాట వినే చెవి లేదు. ఆ గ్రూపులో అందరూ ఇచ్చే సలహా కూడా ఒకటే. ఏదీ ఒప్పుకోవద్దు. ఒప్పుకున్నావా, అయిపోయావు.

సుచరిత రాసిన కర్టెన్ సంజాయిషీకి జవాబు వచ్చింది. తిరస్కరించారు. ఇంకొక్కసారి మాత్రమే అప్పీలు చేసుకోవచ్చు, అదే ఆఖరు.

ఆ రాత్రి అనంతరామయ్య కోడలి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "అమ్మా, నేను వచ్చినానని రాయి."

ఆమె తల తిప్పలేదు. "మీరు రాలేదు మావయ్యగారూ."

"నేను విన్నానమ్మా. మీ ఆయనతో నువ్వు చెప్పినది."

సుచరిత ఒక్కసారిగా ఇటు తిరిగింది. "రావద్దన్నాను కదా మావయ్యగారూ! ఒక్క రోజు! ఒక్క రోజు హారతి అందకపోతే నాకేటైపోతాది?" ఆ మాట నోట్లోంచి వచ్చాక తనే నోరు మూసుకుంది.

అతనికి ఆ మాట తగలవలసినచోటే తగిలింది. అయినా ఏదో బరువు దిగినట్టయింది. ఇన్నాళ్లూ పిల్ల తిట్టకుండా వడ్డిస్తున్న అన్నమే గొంతు దిగడం లేదు.

"రైల్వేలో గ్యాంగ్‌మన్‌ని తీసెయ్యాలన్నా ముందు కాగితం ఇచ్చి, నీ మాటేటి అని అడుగుతారు. వీళ్లు నీ మాట అడగలేదు. అడక్కపోయినా నిజం చెబుదాం. ఆ తర్వాత పోతే పోయింది" అన్నాడు.

తను అప్పీలు రాస్తానని కూర్చుని, ఆఫీసు ఇంగ్లీషులో రెండు పేజీలు నింపాడు. మహారాజరాజశ్రీ అన్నంత మర్యాదగా మొదలుపెట్టాడు. సుచరిత దాన్ని కంప్యూటర్‌లో ఎక్కించబోతే ఆ గడిలో నాలుగు వరుసలకంటే పట్టలేదు. చివరికి అతని రెండు పేజీల్లోంచి మిగిలింది ఇంతే: గదిలోకి వచ్చింది మా మామగారు. చేతిలో ఉన్నది హారతి. మొదట అబద్ధం రాశాను, క్షమించండి. దయచేసి వీడియోని ఒక మనిషి చేత చూపించండి.

నాలుగు రోజులకి జవాబు వచ్చింది. గురువారం సాయంత్రం వీడియోలో విచారణ. పది నిమిషాలు. కుటుంబానికి చెందని సాక్షి ఒకరు ఉండవచ్చు.

"గుడి పూజారిగారిని పిలుద్దాం" అంది రాజరాజేశ్వరి.

"ఆయన మన ఇంట్లో హారతి ఎప్పుడు చూసినాడే?"

"మరెవరు చూసినారు?"

ఆ ప్రశ్నకి జవాబు గోడకి అటువైపు కుర్చీలో కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటోంది. అనంతరామయ్యకి ఆ సంగతి తెలుసు. ఎలా అడగాలో తెలియలేదు.

ఎందుకంటే ఆర్థర్ ఇంట్లో అతనికొక బాకీ ఉంది. ఈ క్వార్టర్‌కి వచ్చిన కొత్తలో ఆర్థర్ భార్య స్వర్ణకుమారి గోడ మీదనించి టీ గ్లాసు అందించింది. తల్లి లోపలినించి చూస్తోంది. మడి, ఆచారం. "ఇంకో రోజు తాగుతానమ్మా" అన్నాడు. ఆ ఇంకో రోజు రాలేదు. తల్లి పోయాక కూడా రాలేదు. స్వర్ణకుమారి మాత్రం మర్చిపోలేదు. ఏ క్రిస్మస్‌కో కనబడితే, "అన్నయ్యగారు మా ఇంట్లో ఒక టీ బాకీ" అంటుంది నవ్వుతూ. తనూ నవ్వుతాడు. ఇన్నేళ్లూ వాళ్లింట్లో మంచినీళ్లు ముట్టని మనిషి, ఇప్పుడు తన దేవుడి హారతికి సాక్ష్యం చెప్పమని ఏ మొహంతో అడుగుతాడు?

అయినా బుధవారం పొద్దున్న గోడ చుట్టూ తిరిగి, వాళ్ల గుమ్మం ముందు నిలబడ్డాడు.

"ఏటి పంతులూ, దారి తప్పినావా?" అన్నాడు ఆర్థర్. "కూకో, కూకో."

కూర్చోకుండానే జరిగినదంతా చెప్పాడు. చెబుతూ ఉండగా అతని చూపు గోడ మీదికి వెళ్లింది. అక్కడ సంఘంవాళ్లు అచ్చు వేయించిన క్యాలెండరు ఉంది. నెలకో పేజీ, పైన ఎర్రటి పెద్ద అక్షరాల్లో బైబిలు వాక్యం, కింద నీలి గళ్లలో తేదీలు. ఏటా ఆర్థర్ అదే క్యాలెండరు తమ ఇంటికీ ఇస్తాడు. అనంతరామయ్య చూపు దించుకున్నాడు.

"రేపు వచ్చి ఒక్క మాట చెబితే చాలు ఆర్థరూ. రోజూ నేను హారతి తిప్పుతానని."

"వస్తాను. కానీ ముందే సెప్తన్నాను. నాను సూసినదే సెప్తాను. వాళ్లు ఏటడిగితే అది సెప్తాను. నీకు ఇష్టం లేనిదైనా సరే. గార్డుని నాను, ఎంక్వయిరీలో అబద్ధం ఆడలేదు ఎప్పుడూ."

తనకి ఇష్టం లేనిది ఏమిటో అనంతరామయ్యకి అర్థం కాలేదు. చూపు మాత్రం మళ్లీ ఆ క్యాలెండరు మీదికి వెళ్లింది.

లోపలినించి స్వర్ణకుమారి వచ్చింది. "అన్నయ్యగారికి సాక్షి కావాల్నా, టీ కావాల్నా?"

"ముందు సాక్షినివ్వమ్మా" అన్నాడు, నవ్వబోయి నవ్వలేక.

"ఠీక్ హై. బాకీ అలాగే ఉంటాది మరి."

గురువారం సాయంత్రం సుచరిత బల్ల ముందు కూర్చుంది. పక్కన అనంతరామయ్య. వెనక ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆర్థర్. కంప్యూటర్ తెర మీద కళ్లజోడు పెట్టుకున్న ఒక మేడమ్ కనిపించింది. పక్క గడిలో మనిషి లేడు, నల్లటి చదరంలో గొంతు మాత్రమే ఉంది. మాటలు సగం హిందీ, సగం ఇంగ్లీషు.

"మొదట ఎవరూ రాలేదని రాశారు" అంది మేడమ్. "తర్వాత మామగారు వచ్చారని రాశారు. ఏది నిజం?"

సుచరిత కెమెరా వైపే చూసింది. "రెండోది నిజం మేడమ్. మొదటిది అబద్ధం."

"అబద్ధం ఎందుకు రాశారు?"

"మావయ్యగారు తన వల్లే జరిగిందని తెలిస్తే తట్టుకోలేరని."

నల్ల చదరంలోంచి గొంతు వచ్చింది. "ఒకసారి అబద్ధం చెప్పినవాళ్లు రెండోసారి నిజం చెబుతున్నారని ఎలా నమ్మాలి? వీడియో పెడుతున్నాను."

తెర మీద సుచరిత తల, ఆమె పక్కనించి రెండు చేతులు, పళ్లెం, చిన్న మంట. ఆమె చెయ్యి లేచింది. అనంతరామయ్యకి తన చేతులు ఎవరివో పరాయివాళ్లవిలా అనిపించాయి. చిత్రం ఆగింది.

"ఇక్కడ. పళ్లెం కింద కాగితం ఉంది. వేళ్లతో దాన్ని ఆమె వైపు తిప్పుతున్నారు. దాని మీద అక్షరాలున్నాయి. ఎర్ర అక్షరాలు. ఇది ఏమిటి?"

"పళ్లెం కాలుతుంది సార్, అందుకని పాత కాగితం..." అన్నాడు అనంతరామయ్య.

"పాత కాగితం ఏమిటి? దాని మీద ఏం రాసి ఉంది?"

క్యాలెండరు అనాలి. ఏ క్యాలెండరో చెప్పాలి. వెనక ఆర్థర్ కూర్చుని ఉన్నాడు. ప్రతి ఏడూ ఆయన రెండు చేతులతో ఇచ్చిన క్యాలెండరుని గోడకి తగిలించాలంటే మనసు ఒప్పుకోక, పారేద్దామంటే దాని మీద దైవం మాట ఉందని చెయ్యి రాక, వంటింట్లో తేదీలకి పెట్టుకుని, నెల అయ్యాక ఆ పేజీ చింపి, ఎర్ర అక్షరాలు లోపలికి మడిచి, పళ్లెం కింద పెట్టుకుంటున్నాడు. మడత విడిపోతే అక్షరాలు బయటికి వస్తాయి. ఇన్నేళ్లూ ఆర్థర్ చూడలేదనే నమ్మకంతో గడిపాడు. ఇప్పుడు ఇలా, ఇందరి ముందు, ఆ పెద్దమనిషి మొహం మీద చెప్పాలి. చెప్పకపోతే పిల్ల బతుకు పోతుంది.

"సార్, మీకు ఇంకా మూడు నిమిషాలున్నాయి" అంది నల్ల చదరం.

"మావయ్యగారూ" అంది సుచరిత చిన్నగా.

కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆర్థర్ లేచి ముందుకు వచ్చాడు. అనంతరామయ్య భుజం మీద చెయ్యి వేసి కెమెరా వైపు వంగాడు.

"మేడమ్, ఆ కాయితం నాది" అన్నాడు తన గార్డు హిందీలో.

మేడమ్ కళ్లజోడు సర్దుకుంది. "మీరెవరు?"

"పక్కింటోణ్ణి. సాక్షిని. అది మా సంఘం క్యాలెండరు. తెలుగు. ఆ ఎర్ర అక్షరాలు మా దేవుడి వాక్యం. జూన్ నెల పేజీ. ఈయనకి నేనే ఇచ్చాను, ప్రతి ఏడూ ఇస్తాను." చంకలోంచి చుట్ట చుట్టిన క్యాలెండరు తీశాడు. అనంతరామయ్య అది అప్పుడే చూశాడు. "నేను పేజీలు చింపను మేడమ్, వెనక్కి తిప్పుతాను. ఇదిగో జూన్. మీ బొమ్మ పక్కన పెట్టి చూసుకోండి. ఎకౌంట్సు లెక్కలు ఎక్కడైనా ఉన్నాయేమో చూడండి."

జూన్ పేజీని కెమెరాకి ఎదురుగా పట్టుకున్నాడు. మేడమ్ తెర దగ్గరికి వంగింది. "కాస్త పైకి. ఆ నీలి గళ్లు కనబడేలా." ఆర్థర్ పైకి ఎత్తాడు. పేజీ కిందికి వాలిపోతోంది. అనంతరామయ్య ఒక మూల పట్టుకున్నాడు.

అంతలో రాజరాజేశ్వరి తలుపు తోసుకుని వచ్చింది. చేతిలో పాత పేజీల కట్ట. "ఇవి కూడా చూపించండి. పారేయలేక బీరువా మీద పెట్టినారు." ప్రతి పేజీ మధ్యలో పళ్లెం అడుగంత గుండ్రంగా గోధుమరంగు మాడు మచ్చ ఉంది. సుచరిత పైనున్న పేజీ తీసి కెమెరాకి చూపించింది. అదీ జూన్‌దే, మధ్యలో మాడింది.

"మీరు క్రిస్టియన్" అంది మేడమ్ ఆర్థర్‌తో, మెల్లగా. "ఆయన హారతి కింద ఏ కాగితం ఉందో మీకెలా తెలుసు?"

"రోజూ చూస్తాను మేడమ్. ఆయన ఆ పళ్లెంతో బయటికి వస్తారు, నేను లేచి నిలబడతాను. మా వాక్యం వస్తుంటే కుర్చీలో కూర్చుని ఉండలేను కదా. పైన వాళ్ల దీపం, కింద మా మాట. నాకు లేవడానికి రెండూ సరిపోతాయి."

అనంతరామయ్య తల వంచుకున్నాడు. కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకోవడం మర్చిపోయాడు.

"పది నిమిషాలయ్యాయి" అంది నల్ల చదరం. "నిర్ణయం మెయిల్‌లో తెలియజేస్తాం." తెర ఖాళీ అయింది. వెంటనే ఒక నవ్వు మొహం బొమ్మ వచ్చి, ఈ విచారణకి ఎన్ని నక్షత్రాలిస్తారని అడిగింది.

ఆ వారం ఎలా గడిచిందో ఎవరికీ తెలియదు. సుచరిత స్కూలుకి వెళ్లేముందు ఫోన్ చూసేది, వచ్చాక చూసేది, పోపు మాడిపోతుంటే చూసేది. ప్రిన్సిపాల్ మరొకామెని ఇంటర్వ్యూకి పిలిచిందని కబురు వచ్చింది. వీధుల్లో పూజల పందిళ్లకి వెదురు గుంజలు దింపుతున్నారు. అనంతరామయ్య సాయంత్రాలు హారతి ఇస్తూనే ఉన్నాడు. ఆర్థర్ లేస్తూనే ఉన్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి సిగ్గుపడ్డారు.

ఒక రోజు మాత్రం అనంతరామయ్య గోడ దగ్గర ఆగాడు. "నీకు కోపం రాలేదా ఆర్థరూ?"

"మొదట్లో వచ్చినాది. మా వాక్యం కాలబెడతన్నాడేటి పంతులు, అనుకున్నాను. తర్వాత సూసినాను. ఏ పేజీ పారెయ్యలేదు నువ్వు. మా ఇంట్లో పాత క్యాలెండర్లు మా ఆవిడ అల్మారా గూటిలో పరుస్తాది."

"వినపడతంది!" అంది లోపలినించి స్వర్ణకుమారి.

మెయిల్ వచ్చింది. తొలగింపు రద్దు చేశారు. ఆ పేపరు మాత్రం మళ్లీ రాయాలి, సెప్టెంబరులో, సాయంత్రం పూటే. క్షమాపణ అన్న మాట అందులో ఎక్కడా లేదు. సుచరిత ఆ మెయిల్ చదివి ఏడ్చింది, తర్వాత గ్రూపులో పెట్టింది. బరంపురం అమ్మాయి "నాది ఇంకా మూసే ఉంది అక్కా" అని రాసింది. ఆ రాత్రి సుచరిత ఆమెతో ఫోన్లో మాట్లాడుతూ, నాలుగు వరుసల గడిలో ఏ మాట ఉంచాలో ఏది తీసెయ్యాలో చెబుతూ కూర్చుంది. ఒప్పుకోవలసింది ఉంటే ఒప్పుకోమని చెప్పింది. ఏమవుతుందో మాత్రం తనకీ తెలియదని కూడా చెప్పింది.

పరీక్ష రోజు విఘ్నేశ్వర్ సెలవు పెట్టి, రంపం తెచ్చి, ఉబ్బిన తలుపు అంచు కోసి, గడియ పడేలా చేశాడు. సుచరిత లోపల గడియ పెట్టుకుంది.

దీపాల వేళకి అనంతరామయ్య హారతి వెలిగించాడు. పళ్లెం కింద ఆగస్టు పేజీ. ఈసారి మడత లోపలికి పెట్టలేదు, ఎర్ర అక్షరాలు బయటికే ఉన్నాయి. కోడలి తలుపు ముందుకి వచ్చి ఆగాడు. అమ్మ చెప్పిన నియమం ఒక వైపు, మూసిన తలుపు ఒక వైపు. వెలుగు అందాలంటే చేతికే తగలాలా? ఈ సందేహం ఇంకెన్నేళ్లు మోయాలో. తలుపుకే ఒకసారి పళ్లెం తిప్పి, వరండాలోకి నడిచాడు.

ఆర్థర్ లేచి నిలబడ్డాడు. అనంతరామయ్య కూడా కర్పూరం ఆరిందాకా అక్కడే నిలబడ్డాడు. తర్వాత పళ్లెం తెచ్చి పూజగదిలో పెట్టి, చెప్పులేసుకుని, గోడ చుట్టూ తిరిగి వాళ్ల గుమ్మం దగ్గరికి వెళ్లాడు. ఈసారి గుమ్మంలో ఆగలేదు. లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

"స్వర్ణమ్మా, ఏడున్నరదాకా నాకు ఇంట్లో కాలు నిలవదు. ఒక టీ ఇస్తావా?"

స్వర్ణకుమారి వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. "ఇన్నేళ్ల టీ అన్నయ్యగారూ. సల్లారిపోనాది."

"సల్లారినా పర్లేదమ్మా. ఇవ్వు."

వేడిగానే తెచ్చింది. గాజు గ్లాసులో, పంచదార ఎక్కువ వేసి. ఆర్థర్ ఏదో అనబోతే చూపుతోనే ఆపింది. అనంతరామయ్య రెండు చేతులతో గ్లాసు అందుకున్నాడు. గోడకి అటువైపు మూసిన తలుపు వెనక పిల్ల రాస్తోంది. ఇతను మెల్లగా, ఒక్కొక్క గుక్కే, అంతా తాగాడు. గ్లాసు అడుగున కరగని పంచదార కాస్త మిగిలింది. గ్లాసు వంచి అది కూడా తాగేశాడు.